కస్టడీలో తగిలిన దెబ్బలను డాక్టర్ ఎలా రాయాలి

"లోపలేసి కొట్టారు" అంటూ వచ్చిన మనిషిని పరీక్షించి రిపోర్టు రాయడానికి ఇస్తాంబుల్ ప్రోటోకాల్‌ను (చిత్రహింసల ఆరోపణలను పరిశోధించి నమోదు చేయడానికి ఉన్న అంతర్జాతీయ మార్గదర్శకాలను) అనుసరించాలి. అది 1999లో ఐక్యరాజ్యసమితికి అందింది. 2022లో సవరించారు కాబట్టి పాత కాపీతో నెట్టుకురావద్దు.

గదిలో పోలీసులు ఉండకూడదు. ఎంత చెప్పినా కదలకపోతే ఎవరున్నారో, ఎంతసేపున్నారో, బేడీలు తీశారో లేదో రిపోర్టులోనే రాయండి. వాళ్లలో ఒకరిని దుబాసీగా పెట్టుకోవద్దు. పరీక్షకి, ఫొటోలకి, రిపోర్టు ఇంకొకరికి ఇవ్వడానికి విడివిడిగా సమ్మతి తీసుకోండి.

"కర్రతో కొట్టారా?" అనకుండా "తర్వాత ఏం జరిగింది?" అని అడగండి. తేదీలు తారుమారైతే అబద్ధమని తేల్చేయొద్దు. కళ్లకు గంతలు, నిద్రలేమి, తలకు దెబ్బ... వీటిలో ఏది ఉన్నా జ్ఞాపకం చెదురుతుంది.

ఎక్కువ రిపోర్టులు చెడేది గాయాల వర్ణన దగ్గరే. "ఎడమ తొడ మీద దెబ్బలు" అంటే ఎవరికీ పనికిరాదు. ఇలా రాయాలి: "ఎడమ తొడ వెనక, మోకాలి మడతకు 14 సెం.మీ. పైన, అడ్డంగా రెండు సమాంతర ఎర్రటి చారలు. పొడవు 9 సెం.మీ.; వాటి మధ్య 1.5 సెం.మీ. మేర పాలిపోయిన చర్మం." గుండ్రటి కర్ర దెబ్బకు తగిలినచోట రక్తం పక్కలకు నెట్టుకుపోయి, అంచుల్లోని సన్న నాళాలు చిట్లుతాయి. జంట చారలు అందుకే. కమిలిన రంగును బట్టి ఎన్ని రోజులైందో లెక్కకట్టొద్దు, అది నమ్మదగ్గ కొలత కాదు. లోతు దెబ్బలు ఒకటి రెండు రోజులకు గానీ పైకి తేలవు కాబట్టి మళ్లీ పిలిపించి చూడండి.

ప్రతి గాయానికీ దూరం నుంచి ఒక ఫొటో, ఆ భాగానికి ఒకటి, దగ్గర నుంచి స్కేలుతో ఒకటి, స్కేలు లేకుండా ఒకటి తీయండి. కెమెరా చర్మానికి నిటారుగా ఉండాలి, వాలితే కొలత తప్పుతుంది. అసలు ఫైలుకు మెరుగులు దిద్దొద్దు.

చెప్పిన కథనానికీ గాయానికీ ఎంత పొత్తు ఉందో అయిదు మెట్లలో ఒకటి ఎంచుకోవాలి: (1) పొసగదు; (2) పొసగుతుంది, కానీ వేరే కారణాలూ చాలా ఉండొచ్చు; (3) బాగా పొసగుతుంది, వేరే కారణాలు కొద్దే; (4) ఇలాంటి హింసలో మామూలుగా కనిపించేదే, కానీ వేరే కారణాలూ ఉండొచ్చు; (5) మరో విధంగా వచ్చే వీల్లేదు. చివరి మెట్టు ఊరికే వాడేస్తే క్రాస్ ఎగ్జామినేషన్‌లో మిగతా రిపోర్టూ కూలుతుంది. ఒక్కో గాయానికీ మెట్టు చెప్పాక, మానసిక పరీక్షతో సహా అన్నీ కలిపి చూసి అభిప్రాయం ఇవ్వండి.

ప్లాస్టిక్ సంచితో ఊపిరాడకుండా చేస్తే ఒంటి మీద ఏ గుర్తూ ఉండకపోవచ్చు. అప్పుడు "గాయాలు లేవు" అని ఆపొద్దు. "పరీక్ష సమయంలో పైకి గాయాలు కనిపించలేదు, చెప్పిన పద్ధతి గుర్తులు మిగల్చకపోవచ్చు, దీన్నిబట్టి హింస జరగలేదని అనలేం" అని పూర్తిగా రాయండి.