ఇంజన్ వేడెక్కాక ట్రక్కు కుదుపులిస్తూ పికప్ తగ్గితే ఎలా పట్టుకోవాలి

పొద్దున చల్లగా ఉన్నప్పుడు బాగా లాగిన బండి, వేడెక్కాక యాక్సిలరేటర్ తొక్కితే జెర్కులిస్తోందా? పంపు, ఇంజెక్టర్లు ఒక్కసారే మార్చేయకండి. ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోతే చల్లటి ఇంజన్ మీదా పవర్ తగ్గుతుంది. వేడిలోనే తేడా వస్తుందంటే చూడాల్సిన చోట్లు తక్కువే. ఇక్కడ చెప్పేది కామన్ రైల్ డీజిల్ ఇంజన్ల సంగతి: పంపు డీజిల్‌ని ఎక్కువ ప్రెషర్‌తో రైల్ అనే ఉమ్మడి పైపులో నింపితే, ఇంజెక్టర్లు అందులోంచి తీసుకుని సిలిండర్లలోకి చిమ్ముతాయి.

ఇంజన్ కంప్యూటర్ రీడింగులు చూపించే స్కానర్ తగిలించి, ఇంజన్ పూర్తిగా వేడెక్కాక, లోడుతో పెద్ద గేరులో తక్కువ ఆర్‌పీఎం నుంచి ఫుల్‌గా తొక్కండి. స్క్రీన్ మీద మరొకరి కన్ను ఉండాలి, డ్రైవరుది కాదు. జెర్క్ వచ్చిన క్షణంలో రైల్ ప్రెషర్ కంప్యూటర్ అడిగినదానికంటే బాగా పడిపోతే లోపం డీజిల్ వైపు. ప్రెషర్ సరిగ్గా ఉండి టర్బో బూస్ట్ (టర్బో ఇంజన్‌లోకి నెట్టే గాలి ప్రెషర్) రాకపోతే గాలి వైపు. ఆర్‌పీఎం రీడింగే ఒక్క క్షణం సున్నాకు పడితే, ఇంజన్ వేగం కొలిచే క్రాంక్ సెన్సర్ లేదా దాని వైరింగ్.

డీజిల్ వైపు ఫిల్టరు మార్చి, వాటర్ సెపరేటర్‌లో నీళ్లు వదిలేయండి. ట్యాంకు మూత వదులు చేస్తే బండి కోలుకుందంటే గాలి రంధ్రం మూసుకుపోయినట్టే. ఫిల్టరుకీ పంపుకీ మధ్య పారదర్శకమైన పైపు పెట్టి చూడండి. బుడగలు వస్తున్నాయంటే ఎక్కడో గాలి పీలుస్తోంది. క్లిప్పులు, రాగి వాషర్లు మార్చండి. పాత రబ్బరు హోసుల్ని నమ్మొద్దు: వేడికి మెత్తబడి పీల్పుకు లోపలికి ముడుచుకుంటాయి.

అసలు దొంగ చాలాసార్లు ఇంజెక్టరే. వేడెక్కిన డీజిల్ పల్చబడి, అరిగిన ఇంజెక్టర్ గుండా రిటర్న్‌లోకి (మిగిలిన డీజిల్ ట్యాంకుకు తిరిగెళ్లే పైపులోకి) కారిపోతుంది, రైల్లో ప్రెషర్ నిలవదు. వేడిగా ఉన్నప్పుడు స్టార్టింగ్ ఆలస్యమవుతుంటే అనుమానం ఇంకా బలపడుతుంది. ఒక్కో ఇంజెక్టర్ రిటర్న్‌ని ఒక్కో కొలత సీసాలోకి వదిలి, ఐడిల్‌లో ఒకే సమయం నడపండి. మిగతావాటికి రెట్టింపు ఇచ్చేది పాడైనట్టే. పరీక్ష ఇంజన్ వేడిగా ఉండగానే చెయ్యాలి; చల్లగా చేస్తే అన్నీ బాగున్నట్టే కనిపిస్తాయి. అన్నిటి రిటర్నూ తక్కువగా ఉండి, డీజిల్ సరఫరా కూడా బాగున్నా ప్రెషర్ పడుతుంటే, అప్పుడు మీటరింగ్ వాల్వు (పంపులోకి వెళ్లే డీజిల్‌ని నియంత్రించేది), పంపు చూడాలి.

ఇంజన్ తిరుగుతుండగా హై ప్రెషర్ పైపు నట్టు మాత్రం వదులు చేయొద్దు. 1000 బార్ దాటే ప్రెషర్ అది, ఆ ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి దిగుతుంది.

గాలి వైపు, ఇంటర్‌కూలర్ (టర్బో నుంచి వచ్చే గాలిని చల్లబరిచేది) హోసుల జాయింట్ల దగ్గర ఆయిల్ తడి కోసం చూడండి; ఉంటే అక్కడ గాలి లీకవుతుండొచ్చు. పొగలో కొంత భాగాన్ని తిరిగి ఇంజన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వు చల్లటి ఇంజన్‌లో సాధారణంగా మూసే ఉంటుంది, వేడెక్కాక తెరుచుకుంటుంది. మసి పట్టి మళ్లీ మూసుకోకపోతే నల్ల పొగ, మందమైన పికప్. వ్యాక్యూమ్‌తో పనిచేసేదైతే ఆ గొట్టం తీసి, చివర మూసి కాసేపు నడిపి చూడండి. తేడా తెలిస్తే లోపం ఈజీఆర్ వైపే. తేడా లేకపోయినా వాల్వు మసితో తెరుచుకునే ఇరుక్కుపోయి ఉండొచ్చు కాబట్టి, విప్పి చూసి శుభ్రం చేయాలి.

క్రాంక్ సెన్సర్ కాయిల్ రకమైతే నిరోధకత చల్లగా ఒకసారి, వేడిగా ఒకసారి కొలవండి. వేడికి రీడింగే రాకుండా పోతే సెన్సర్ మార్చండి. రీడింగ్ నిలకడగా ఉంటే కనెక్టర్‌నీ, ఇంజన్‌కి తగిలే వైరునీ కదిపి చూడాలి.