షాపులో సరుకు మాయమవుతోందా? ముందు ఎక్కడ పోతోందో పట్టుకోండి

సమస్య: పుస్తకంలో పన్నెండు, ర్యాకులో తొమ్మిది.

వెంటనే కస్టమర్లను అనుమానించకండి. సరుకు దిగినప్పుడే తక్కువ వచ్చి ఉండొచ్చు. ఒక రకానికి బదులు ఇంకో రకం బిల్లులో పడి ఉండొచ్చు. పాడైనవి పక్కన పడేసి రాయడం మరచిపోయి ఉండొచ్చు. లేదా లోపలివాళ్ల చేతివాటం కావచ్చు. చిన్నవి, ఖరీదైనవి, తేలిగ్గా జేబులో పట్టేవి ఒక పది రకాలు ఎంచుకుని, షాపు తెరిచేటప్పుడూ మూసేటప్పుడూ లెక్కపెట్టండి. అమ్మినవి తీసేశాక కూడా పగటిపూట తేడా వస్తే కస్టమర్ల వైపూ కౌంటర్ వైపూ చూడాలి. రాత్రి మూసినప్పుడున్న లెక్క పొద్దున తగ్గితే తాళంచెవులు ఎవరెవరి దగ్గరున్నాయో చూడాలి. ఏడాదికోసారి స్టాక్ లెక్కిస్తే ఎంత పోయిందో తెలుస్తుంది గానీ, ఎప్పుడు పోయిందో తెలియదు. రద్దయిన బిల్లులు ఒకే మనిషి డ్యూటీలో ఎక్కువగా ఉంటే, దాని సంగతీ తేల్చుకోండి.

సమస్య: ఖాళీ పెట్టెలు, చింపిన ట్యాగులు ఎప్పుడూ ఒకే మూల దొరుకుతున్నాయి.

ఆ మూల కౌంటర్‌కు కనపడదు, అంతే. ఎవరినైనా అక్కడ నిలబెట్టి మీరు కౌంటర్ దగ్గర నుంచి చూడండి. తల కనిపిస్తే చాలదు, చేతులు కనిపించాలి. ర్యాకు ఎత్తు తగ్గించండి, లైటు పెంచండి, ఉబ్బెత్తు అద్దం బిగించండి. అన్నిటికన్నా సులువు, అక్కడ పెద్దవీ చవకవీ సర్దేసి ఖరీదైనవి మీ దగ్గరికి తెచ్చుకోవడం.

సమస్య: గుంపుగా వచ్చి వెళ్లాకే వస్తువులు పోతున్నాయి.

ఒకరు మిమ్మల్ని ప్రశ్నలతో లోపలికి లాగుతారు, ఇంకొకరు పని కానిచ్చేస్తారు. ఒకటి చూపించి, అది వెనక్కి పెట్టాకే రెండోది తీయండి. లోపలికి వచ్చిన ప్రతి ఒక్కరినీ మొహం చూసి పలకరించండి. కొనేవాళ్లకు అది మర్యాద, తీసేవాళ్లకు టెన్షన్.

సమస్య: ఖరీదైన వస్తువు చవక ధరకు బిల్లవుతోంది.

స్టిక్కర్ మార్చారు. బిల్లు చేసేటప్పుడు స్క్రీన్ మీద ధర కాదు, పేరు చూడండి. పీకితే చిరిగిపోయే స్టిక్కర్లు వాడండి.

సమస్య: కెమెరా ఉంది, మొహం మాత్రం తెలియడం లేదు.

సీలింగ్‌కు పెట్టిన కెమెరాలో నడినెత్తే కనిపిస్తుంది. తలుపు వైపు తిప్పితే వెనక వెలుతురుకి మొహం నల్లగా పడుతుంది. బయటకు వెళ్లే దారిలో, కాస్త కిందికి, వెలుతురు అడ్డురాని చోట ఒకటి పెట్టండి. గడియారం సరిచూసి, పాత రికార్డింగ్ చెరిగిపోకముందే కాపీ తీసుకోండి.

సమస్య: కళ్లెదుటే జేబులో వేసుకున్నారు.

దగ్గరికి వెళ్లి మామూలుగా "అది బిల్లు చేసేయమంటారా?" అనండి. చాలామంది తీసి ఇచ్చేస్తారు, లేదా డబ్బు కట్టేస్తారు. చెయ్యి పట్టుకోవడం, బ్యాగు వెతకడం, వెంటపడి పరిగెత్తడం వద్దు. ఆపి ఉంచే హక్కు ఎంతవరకు ఉందన్నది ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. మీ దగ్గరి చట్టం ముందే కనుక్కోండి. సమయం, పోయిన వస్తువు, మనిషి ఆనవాళ్లు రాసుకుని పోలీసులకు ఇవ్వండి. ఫోటో గోడకు అంటించాలన్న కోపం సహజమే గానీ, మీరు అనుకున్న మనిషి కాకపోతే కేసు మీ మీదకే తిరగొచ్చు.