దసరా నుంచి కార్తీకం దాకా ఏటి ఒడ్డున రాత్రి బస: ముందే చూసుకోవలసినవి

దసరా సెలవులు దగ్గరపడగానే మా శ్రీకాకుళం, విజయనగరం వైపు విహారాల మాట మొదలవుతుంది. కార్తీకం వచ్చేసరికి అది వనభోజనాల సందడిగా మారుతుంది. ఇదివరకు ఉసిరిచెట్టు నీడన భోంచేసి పొద్దుగుంకేలోగా ఇల్లు చేరేవాళ్లం. ఇప్పుడు ఏటి ఒడ్డు తోటల్లో, జలాశయాల దగ్గర, కొండ ఊటల కింద చెక్క గదులు అద్దెకు తీసుకొని పిల్లాపాపలతో రాత్రి ఉండిపోతున్నారు. ఉండండి, మంచిదే. కానీ ఏటి ఒడ్డున పగలు గడపడం వేరు, నిద్రపోవడం వేరు. పగలు నీరు పెరిగితే ఎవరో ఒకరి కంట పడుతుంది. రాత్రి పెరిగితే మంచం కాళ్లు తడిసేదాకా తెలియదు.

మన నదుల సంగతి ముందు మనసులో పెట్టుకోవాలి. నాగావళి, వంశధార రెండూ ఒడిశాలోని కలహండి కొండల్లో పుట్టినవి. నాగావళి పొడవు సుమారు 256 కిలోమీటర్లయితే అందులో సగానికి పైగా ఒడిశాలోనే. అంటే శ్రీకాకుళంలో ఎండ కాస్తున్నా, పైన రాయగడలో రాత్రంతా కురిసిన వాన మరునాడు మన ఒడ్డుకు రావచ్చు. వంశధార దగ్గర ఉండబోతే ఎగువన ఒడిశాలోని గుణుపురం వైపు వాన ఎలా ఉందో చూడాలి. తాటిపూడి జలాశయానికి నీరిచ్చే గోస్తని అనంతగిరి కొండల నుంచి దిగుతుంది. గది ఉన్న ఊరి వాతావరణం చూసుకొని బయలుదేరేవాళ్లే ఎక్కువ. నేను చూడమనేది పై ఊళ్ల వాన. ఇవాళ ఎంత కురిసింది అన్నదొక్కటే చాలదు, గత రెండు రోజుల్లో ఎంత కురిసిందో కూడా కావాలి. నేల అప్పటికే నానిపోయి ఉంటే కొద్దిపాటి వానకే గెడ్డలు, అంటే వాగులు, పొంగుతాయి.

ఆనకట్టల గేట్ల సంగతీ అంతే. హిరమండలం దగ్గరి గొట్టా బ్యారేజీ, నాగావళి మీద తోటపల్లి, సువర్ణముఖి మీద మడ్డువలస. వీటి దిగువన బస చేసేటప్పుడు నీరు వదులుతున్నారేమో ఆ పూటే కనుక్కోండి. మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చారని వింటే ఇంకా రెండోది రాలేదు కదా అని ఆగవద్దు. హెచ్చరికలు ఒడ్డున స్థిరంగా ఉన్న ఊళ్లను దృష్టిలో పెట్టుకొని ఇస్తారు. మీరు ఊరికంటే కిందికి, నీటికి దగ్గరగా ఉంటారు.

తుపానుల లెక్క చూస్తే ఈ సెలవుల రోజులే మనకు గడ్డు రోజులని అర్థమవుతుంది. ఫైలిన్ 2013 అక్టోబరు 12న, హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న, తిత్లీ 2018 అక్టోబరు 11న, గులాబ్ 2021 సెప్టెంబరు 26న తీరం దాటాయి. తిత్లీ పలాస దగ్గర తెల్లవారుజామున దాటింది, జనం మంచి నిద్రలో ఉండే వేళ. బంగాళాఖాతంలో అల్పపీడనం అన్న మాట వినబడితే ప్రయాణం మానుకోండి. బయానా పోతే పోయింది. ఆ డబ్బు కోసం పిల్లలను తీసుకొని వెళ్లడం నాకు ఎన్నటికీ మింగుడుపడని విషయం.

గది చూడగానే కిటికీలోంచి నీళ్లు ఎంత అందంగా కనబడుతున్నాయన్నది కాదు అడగవలసింది. ఇంతకుముందు వరద ఎక్కడిదాకా వచ్చింది అని అడగాలి, అదీ గది యజమానిని కాదు, పక్క పొలంలో పనిచేసే పెద్దాయనను. చెట్ల కొమ్మలకు చిక్కుకున్న గడ్డి, చెత్త ఏ ఎత్తున ఉందో చూడండి, పాత వరద గుర్తు అదే. దానికి కింద గది ఉంటే ఎంత బాగున్నా వద్దు. రెండో ప్రశ్న: గదికి వచ్చే దారిలో గెడ్డ దాటాలా? దాటవలసి వస్తే రాత్రి వాన పడగానే మీరు ద్వీపంలో ఉన్నట్టే. గదిలోకి నీరు రాకపోయినా ఆసుపత్రికి దారి ఉండదు. పారే నీరు మోకాలి లోతు లేకపోయినా మనిషిని పడగొడుతుంది, అడుగు లోతుంటే చిన్న కారును తేల్చేస్తుంది. కారు గెడ్డకు ఆవలి గట్టున, ఊరివైపు పెట్టి, తాళం చేతికందే చోట ఉంచుకోండి.

మా మేనమామ నాగావళి ఒడ్డున కూరగాయలు పండించేవాడు. పాకలో పడుకునే రాత్రి నీటి అంచున ఒక పుల్ల గుచ్చి వచ్చేవాడు. గంట తరువాత వెళ్లి చూసేవాడు. పుల్ల నీళ్లలోకి జరిగిపోయిందంటే ఇక ఆలోచన లేదు, చాప చుట్టుకొని గట్టెక్కేయడమే. ఇప్పటికీ నేను అదే చేస్తాను. తేటగా ఉన్న నీరు ఉన్నట్టుండి ఎర్రబడినా, ఆకులు, పుల్లలు కొట్టుకొస్తున్నా, ఎగువ నుంచి హోరు వినబడినా సామాను సర్దుకుంటూ కూర్చోవద్దు. మనుషులు ముందు ఎక్కాలి, సామాను తరువాత.

స్నానాల మాట. నదిలో ఇసుక తవ్విన గోతులు పైకి కనబడవు. మోకాలి లోతు నీళ్లలో నడుస్తున్న పిల్లవాడు మరు అడుగులో మునిగిపోతాడు. ఊరివాళ్లు దిగే రేవులోనే దిగండి. ఎవరైనా మునుగుతుంటే ఈత వచ్చినా సరే వెంటనే దూకవద్దు. చీర విసరండి, తాడు విసరండి, మూత బిగించిన ఖాళీ నీళ్ల డబ్బా విసరండి. ఒకరిని కాపాడబోయి ఇద్దరు, ముగ్గురు పోయిన ఇళ్లు మన దగ్గర తక్కువేమీ కావు. పుణ్యగిరి లాంటి చోట్ల ఊటధార కింద రాళ్లకు పాకుడు పట్టి ఉంటుంది. అక్కడ చెప్పులు విడిచి మెల్లగా, ఒకరి చేయి ఒకరు పట్టుకొని నడవాలి.

ఊట నీరు చల్లగా, అద్దంలా ఉంటుంది. నేల నుంచి ఉబికే చోట శుభ్రంగా ఉండవచ్చు గానీ పది అడుగులు పారేసరికి పశువులు, స్నానాలు అన్నీ కలుస్తాయి. తాగే నీటిని తెర్లి మసిలేదాకా కాచండి.

రాత్రి నేల మీద పడుకోవద్దు. కట్లపాము రాత్రిపూట తిరిగే పాము. దాని కాటు చాలాసార్లు నొప్పి పెట్టదు, వాపు రాదు, కాటు గుర్తు కూడా దొరకదు. తెల్లవారి కడుపునొప్పి, కనురెప్పలు వాలిపోవడం, మాట ముద్దగా రావడం మొదలైతే అజీర్తి అనుకొని ఆలస్యం చేయవద్దు. మంచం వేసుకొని, దోమతెర అంచులు పరుపు కిందికి దోపుకుంటే పాముకూ దోమకూ రెంటికీ అడ్డే. కాటు పడితే కట్టు బిగించడం, కోయడం, నోటితో లాగడం వద్దు. ఉంగరాలు, మెట్టెలు తీసేసి, కాలో చేయో కదలకుండా ఉంచి, 108కి ఫోను చేసి, పాము విషానికి విరుగుడు మందు ఉన్న ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఆ ఆసుపత్రి ఎక్కడో బయలుదేరేముందే తెలుసుకొని ఉంచుకోండి. మీరు బస చేసే చోట ఫోను సిగ్నలు అందుతుందో లేదో కూడా.

చలి అని తలుపులు మూసి గదిలో బొగ్గుల కుంపటి పెట్టకండి. ఆ పొగలోని విషవాయువుకు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఉరుములు మొదలైతే చెట్టు కిందా, నీళ్లలోనూ ఉండవద్దు. దగ్గర్లో పక్కా భవనం లేకపోతే అద్దాలు ఎత్తిన కారు చెక్క గది కంటే మేలు. మందస, వజ్రపుకొత్తూరు వైపు జీడితోటల్లో ఎలుగుబంట్లు తిరుగుతాయి. మిగిలిన అన్నం, కూరలు గది పక్కన పారబోయవద్దు, చీకటి పడ్డాక ఒంటరిగా బయటికి వెళ్లవద్దు.

తిరిగి వచ్చిన తరువాత రెండు మూడు వారాలు ఒంటి మీద ధ్యాస ఉంచాలి. వానలు వెలిసిన గడ్డిలో, పొదల్లో కంటికి ఆనని చిన్న పురుగు కుట్టి స్క్రబ్ టైఫస్ అనే జ్వరం వస్తుంది. అందుకే గడ్డి మీద నేరుగా కూర్చోకుండా మందపాటి తాటిపత్రి వేసుకోమంటాను, ఇంటికి రాగానే బట్టలు వేడి నీళ్లలో వేసి స్నానం చేయమంటాను. జ్వరం, తలనొప్పి పట్టుకుంటే చంకల్లో, గజ్జల్లో, నడుము దగ్గర కాల్చినట్టున్న నల్లటి పెచ్చు ఉందేమో వెతకండి. చాలామందిలో అది కనబడదు కూడా. డాక్టరు దగ్గర కూర్చోగానే, ఆయన అడగకపోయినా, ఫలానా రోజు ఏటి ఒడ్డున, పొదల మధ్య పడుకున్నామని చెప్పండి. సకాలంలో గుర్తిస్తే మామూలు మాత్రలతో తగ్గే జ్వరం అది.