అటక మీది క్యాంపింగ్ సామాను: ఏది వెంట తీసుకెళ్లాలి, ఏది ఇంట్లో దాచుకోవాలి

పాత టెంటు మీద మమకారం ఉన్న ఇంట్లో ప్రయాణానికి ముందు రాత్రి మూట విప్పకూడదు. కనీసం మూడు వారాల ముందే కిందికి దించాలి. నీరు దిగకుండా కుట్లకు పూసే సీలర్ ఆరడానికే ఒక రోజు పడుతుంది. ఉతికిన స్లీపింగ్ బ్యాగు లోపలిదాకా ఆరాలంటే ఒక్కోసారి రెండు మూడు రోజులు. టెంటును నిలబెట్టే పోల్ విరిగితే దానికి ముక్కో, స్టవ్వుకు సరిపడే రబ్బరు వాషరో దొరకాలంటే ఇంకొన్నాళ్లు. వీటన్నిటికంటే ఆలస్యమయ్యే పని ఒకటుంది. "ఇది నాన్న కొన్న టెంటు, ఎలా పారేస్తాం?" అన్న మాటకు ఇంటిల్లిపాదీ ఒప్పుకునే జవాబు వెతకడం. చివరి రాత్రి ఆ జవాబు దొరకదు. అయితే చివికిపోయిన టెంటు కారెక్కుతుంది, లేకపోతే ఎవరో ఒకరు మనసు కష్టపెట్టుకుంటారు.

అందుకే ప్రతి వస్తువు గురించీ రెండు ప్రశ్నలు విడివిడిగా వేసుకోవాలి. ఇది పనిచేస్తుందా? ఇది ఎవరికి ముఖ్యం? మొదటిదానికి జవాబు నీళ్లూ, వెలుతురూ, సబ్బు నురగా చెబుతాయి. రెండోదానికి మనుషులే చెప్పాలి. రెండూ కలిపి అడిగితే మంచి సామాను "పాతది" అని బయటికి పోతుంది, ప్రమాదకరమైనది "అమ్మమ్మది" అని వెంట వస్తుంది.

సామానంతా ఒక పెద్ద పట్టా మీద పరచండి. ఒక్కోదానికి చిన్న చీటీ కట్టండి: ఎవరిది, ఎప్పటిది, ఎవరికి కావాలి. పిల్లలు కూడా తమ చీటీలు తామే రాయాలి. పెద్దలకు చెత్తగా కనిపించే పగిలిన టార్చిలైటు వాళ్లకు ఎంతో ప్రియం కావచ్చు. వస్తువు అసలు యజమాని ఊళ్లో లేకపోతే ఫోన్ చేసి అడగండి. ఆ మొదటి రోజు ఏదీ పారేయకూడదన్నది నియమంగా పెట్టుకోండి. పరీక్షలన్నీ అయ్యాకే నిర్ణయం.

టెంటు

సంచి విప్పగానే ముందు వాసన చూడాలి. ముక్కిన వాసన వస్తే బూజు. పుల్లగా, వాంతి లాంటి కంపు వస్తే పూత చెడిపోతోందని అర్థం. నైలాన్, పాలిస్టర్ టెంట్లలో చాలావాటికి నీళ్లు దిగకుండా లోపలివైపు పాలియురేథేన్ పూత ఉంటుంది. తేమా వేడీ కలిసి ఏళ్ల తరబడి ఆ పూతను విడగొడతాయి. మొదట జిగురవుతుంది, మడతలు ఒకదానికొకటి అంటుకుంటాయి, ఆ తర్వాత తెల్లటి పొట్టులా రాలుతుంది. ఇది మురికి కాదు కాబట్టి ఉతికితే పోదు. చెడిన పూత మళ్లీ బాగుపడదు. అరచేయంత మేర అయితే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో రుద్ది తీసేసి కొత్త పూత వేసుకోవచ్చు. నేలగుడ్డ మాత్రమే జిగురైతే లోపల ఇంకో పట్టా పరిచి గడుపుకోవచ్చు. పై కప్పు మొత్తం జిగురైతే ఆ టెంటు వానకు నిలవదు, దాని మీద శ్రమ పెట్టడం మాకు సమ్మతం కాదు.

తర్వాత గుడ్డ బలం చూడాలి. ఎక్కువ ఎండ పడేది పై కప్పు నడినెత్తి మీద. అక్కడ రెండు బొటనవేళ్ల మధ్య గుడ్డను పట్టుకుని గట్టిగా పక్కలకు లాగండి. కాగితంలా పర్రున చిరిగితే ఎండలోని అతినీలలోహిత కిరణాలు పోగులను తినేశాయన్నమాట. అలాంటి గుడ్డకు అతుకు వేసినా నిలవదు. అతుకు బాగానే ఉంటుంది, దాని అంచు వెంట గుడ్డ చిరుగుతుంది. టెంటుకు ఇదే ఆఖరి తీర్పు. మిగిలిన లోపాలు చాలామటుకు బాగుచేసుకోదగ్గవే.

బలం ఉందని తేలితే టెంటు నిలబెట్టండి. మంచి ఎండలో పిల్లల్ని లోపలికి పంపి, వెలుతురు చుక్కలు కనిపించిన చోటల్లా టేపు ముక్క అంటించమనండి. ఈ పని పెద్దలకంటే వాళ్లే బాగా చేస్తారు. ఆ తర్వాత పైనుంచి పావుగంట సేపు నీళ్లు పట్టండి. పైపు నీళ్లు సూటిగా కొట్టకుండా వానలా పడాలి. లోపల ఒకరు టార్చిలైటుతో కుట్ల వెంట చూస్తుండాలి. చుక్క పడిన చోటే చిల్లి ఉందనుకోవద్దు. నీరు కుట్టు వెంట కిందికి జారి ఎక్కడో రాలుతుంది, కాబట్టి తడి మొదలైన పై చివర వెతకండి.

కుట్ల మీది టేపు లేచిపోయి ఉంటే ఊడినంత మేరా పూర్తిగా తీసేయండి. సగం ఊడిన టేపు మీద సీలర్ పూస్తే దాని కింద నీరు చేరుతుంది. కుట్టును ఆల్కహాల్‌తో తుడిచి, ఆరాక, కుట్టుకు రెండు పక్కలా కొద్దిగా వచ్చేలా బ్రష్‌తో పల్చగా సీలర్ పూయండి. టెంటు బిగించి నిలబెట్టి ఉంచే పూయాలి, సూది రంధ్రాలు అప్పుడే తెరుచుకుంటాయి. ఒక రోజు ఆరనిచ్చి, మడతల్లో అంటుకోకుండా పైన టాల్కం పౌడర్ చల్లండి. గుడ్డ సిలికాన్ పూతదైతే సిలికాన్ సీలరే వాడాలి, పాలియురేథేన్ రకం దానికి పట్టదు. ఏదో తెలియకపోతే ఓ మూల ఒక చుక్క వేసి, ఆరాక గోటితో గీకి చూడండి. పొరలా ఊడి వచ్చిందంటే రకం తప్పు.

పాత కాన్వాస్ గుడారం సంగతి వేరు. నూలు పోగులు తడిసినప్పుడు ఉబ్బి సందులు మూసుకుంటాయి, దానికి అదే రక్షణ. కొత్తగా కుట్టిన చోట మొదట కారినా కంగారుపడక్కర్లేదు. రెండు మూడుసార్లు తడిపి ఆరబెడితే సర్దుకుంటుంది. బూజుంటే ముందు ఆరుబయట పొడి బ్రష్‌తో దులపండి, ముక్కుకు గుడ్డ కట్టుకోండి. తర్వాత నీళ్లలో కొద్దిగా వెనిగర్ కలిపి తుడిచి ఎండబెట్టండి. బ్లీచింగ్ వాడితే నూలూ, కుట్టుదారమూ రెండూ బలహీనపడతాయి. బట్టల సబ్బు నీటిని ఆపే గుణాన్ని కడిగేస్తుంది. నల్ల మచ్చలు మిగిలినా గుడ్డ గట్టిగా ఉంటే అవి చూపుకే లోపం.

కాన్వాస్ విషయంలో ఒక్క జాగ్రత్త మాత్రం తప్పదు. పాతకాలంలో కొన్ని గుడారాలకు మైనం పూసి నీటిని ఆపేవారు, అది నిప్పును ఇట్టే అందుకుంటుంది. 1944 జూలైలో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో సర్కస్ డేరా తగలబడి 160 మందికి పైగా చనిపోయారు. ఆ డేరా గుడ్డకు పారఫిన్ మైనాన్ని గ్యాసోలిన్‌లో, అంటే పెట్రోల్‌లో, కరిగించి పూశారు. మీ పాత గుడారానికి ఏం పూశారో చెప్పగలిగినవాళ్లు ఇంట్లో లేకపోతే దాని దగ్గర దీపం గానీ, పొయ్యి గానీ పెట్టకండి.

జిప్పు మూసుకున్నట్టే మూసుకుని వెనక నుంచి విడిపోతుంటే చాలాసార్లు తప్పు పళ్లది కాదు, అరిగిన రన్నర్‌ది. ముందు పాత టూత్‌బ్రష్‌తో ఇసుక దులపండి. తర్వాత రన్నర్ వెనక అంచులను ఒక్కో పక్కా పట్టకారుతో కొంచెం కొంచెంగా నొక్కండి, నొక్కిన ప్రతిసారీ లాగి చూడండి. ఒక్కసారిగా బలంగా నొక్కితే రన్నర్ పగులుతుంది. బిగుసుకున్న జిప్పుకు కొవ్వొత్తి రుద్దితే చాలు. నూనె పూయకండి, దుమ్ము పట్టేస్తుంది.

పోల్స్ లోపలి సాగే తాడు వదులైపోవడం మామూలే. ఒక చివర మూత తీసి, పాత తాడు లాగేసి, అదే మందం తాడు ఎక్కించండి. కొత్త తాడు పొడవు, సాగకుండా ఉన్నప్పుడు, మొత్తం పోల్ పొడవులో సుమారు ముప్పాతిక వంతు ఉండాలి. మరీ పొట్టిదైతే ముక్కలు మడవడం కష్టం, పొడవైతే కీళ్లు పట్టుకోవు. పగిలిన కీలు మీదికి తొడిగే చిన్న లోహపు గొట్టం ఒకటి ఎలాగూ సంచిలో ఉండాలి.

స్టవ్వు, దీపం

ఇక్కడ మమకారానికి చోటు లేదు. గ్యాసు గొట్టాన్ని వేలి చుట్టూ వంచి చూడండి. సన్నటి పగుళ్లు కనిపిస్తే మార్చాల్సిందే. రబ్బరు వాషర్లు గట్టిపడితే అవీ అంతే. తర్వాత ఆరుబయట, నిప్పు లేని చోట గ్యాసు తెరిచి అన్ని కీళ్ల మీదా సబ్బునీళ్లు పూయండి. బుడగలు లేస్తే లీకు. పాత గ్యాసు డబ్బా అంచుల్లో తుప్పు ఉంటే దాన్ని స్టవ్వుకు తగిలించకండి. పంపు కొట్టే కిరోసిన్ స్టవ్వులో గాలి నిలవకపోతే తరచూ కారణం ఎండిపోయిన తోలు వాషర్. దాన్ని నూనెలో నానబెట్టి వేళ్లతో విప్పదీస్తే మళ్లీ పట్టుకుంటుంది.

పాత గ్యాసు దీపాల మాంటిళ్లలో, అంటే మంట మీద వెలిగే వలగుడ్డ తొడుగుల్లో, థోరియం ఉండేది, అది స్వల్పంగా రేడియోధార్మికం. విరిగిన మాంటిల్ పొడిని ఊదకండి, చేతులు కడుక్కోండి, కొత్తది థోరియం లేనిది వేసుకోండి. ఏ స్టవ్వయినా, ఏ మంట దీపమైనా, ఆరిపోయినట్టు కనిపించే బొగ్గుల కుంపటి అయినా టెంటు లోపలికి రాకూడదు. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

పడక

ఏళ్ల తరబడి నొక్కి కట్టిన స్లీపింగ్ బ్యాగును విప్పి, దులిపి, ఒక రోజు వదిలేయండి. అప్పటికీ పల్చగానే ఉంటే, సింథటిక్ దూదిదైతే లోపలి పోగులు నలిగిపోయాయన్నమాట, అది మళ్లీ పొంగదు. వెచ్చటి రాత్రులకో, అడుగున పరచడానికో వాడుకోండి. ఈకలదైతే ఆశ ఉంది. మురికి, ఒంటి జిడ్డు పట్టి ముద్దకడతాయంతే. ఈకల కోసం అమ్మే సబ్బుతో ఉతికి, తడి బరువుకు లోపలి గోడలు చిరగకుండా కింద రెండు చేతులూ పెట్టి ఎత్తండి. తక్కువ వేడి డ్రయ్యర్‌లో రెండు మూడు శుభ్రమైన టెన్నిస్ బంతులతో పాటు వేయండి. కొన్ని గంటలు పడుతుంది. చేత్తో తడిమితే ఒక్క ఉండ తగిలినా ఇంకా ఆరనట్టే.

గాలి పరుపును నింపి ఒక రాత్రి దాని మీద బరువు ఉంచండి. పొద్దున్నే దిగిపోతే సబ్బునీళ్లతో వెతకండి, ముందు మూత దగ్గర చూడండి. ఎండకు పాతబడిన నైలాన్ తాళ్లు పైకి బాగానే కనిపిస్తాయి, మనిషి బరువు వాటికి అప్పగించకూడదు. ఉయ్యాల కట్టేది ఎప్పుడూ కొత్త తాడుతోనే. టార్చిలైటులో కారిన బ్యాటరీల తెల్లటి పొడిని చేతికి తొడుగు వేసుకుని వెనిగర్ అద్దిన దూదితో తుడవండి. మందుల పెట్టెలో గడువు తేదీలు చూడండి.

పని అయిపోయిన వస్తువులు

పరీక్షలో తప్పిన వాటి చీటీలు ఇప్పుడు తీయండి. చీటీ మీద ఎవరి పేరూ లేనివి వెళ్లిపోతాయి. పేరున్నవాటికి ఆ మనిషితో కూర్చుని మాట్లాడాలి. "ఎందుకు దాచావు?" అంటే నిలదీసినట్టుంటుంది. "దీంతో ఎక్కడికి వెళ్లారు?" అని అడగండి. చెప్పింది ఫోన్‌లో రికార్డు చేయండి. చాలాసార్లు వాళ్లకు కావాల్సింది ఆ వస్తువు కాదు, ఆ సంగతి ఎవరికో ఒకరికి తెలిసి ఉండడం.

ఫొటో తీయడం చిన్న పనిగా కనిపిస్తుంది గానీ పనిచేస్తుంది. అమెరికాలో విద్యార్థుల వసతి గృహాల్లో జరిగిన ఒక అధ్యయనం 2017లో అచ్చయింది. ఇచ్చేసే ముందు జ్ఞాపకాల వస్తువులను ఫొటో తీసుకొమ్మని చెప్పిన చోట 613 వస్తువులు విరాళంగా వచ్చాయి, ఆ మాట చెప్పని చోట 533. ఒక్క వస్తువును కాకుండా, దాన్ని పట్టుకున్న మనిషితో కలిపి ఫొటో తీయండి.

గుడ్డ సామానులో ముక్క దాచుకోవచ్చు. కాన్వాస్ గుడారం చాలావరకు అంచుల్లో, నేలకు తగిలే చోట కుళ్లుతుంది. గోడల మధ్య భాగం గట్టిగానే ఉంటుంది. దాంతో మేకుల సంచి, స్టవ్వు సంచి కుట్టించండి. పాత గుడారం అలా ప్రతి ప్రయాణానికీ వస్తుంది. జిగురైన నైలాన్‌తో ఇది చేయొద్దు, సంచిలో ఉన్నవన్నీ పాడవుతాయి. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఉంటే తలో ముక్క ఇవ్వండి, ఒకరి అటక మీద బరువు తగ్గుతుంది. ఎటూ తేలని వాటికి మనిషికొక పెట్టె చొప్పున ఇచ్చి, అందులో పట్టినంత ఉంచుకోమనండి. పెద్దవాళ్ల వస్తువును వాళ్లకు చెప్పకుండా పంపేయడం మాత్రం ఎన్నడూ చేయకండి. ఆ గాయం ముందు అటక మీద మిగిలిన చోటు ఏపాటిది.

తీసుకెళ్లాలని తేల్చినవాటితో ఒక రాత్రి ఇంటి ముందో, మేడ మీదో పడుకోండి. మేడ మీద మేకులు దిగవు కాబట్టి తాళ్లను నీళ్ల డబ్బాలకు కట్టండి. చీకటి పడ్డాకే టెంటు వేయండి, చేరేసరికి అక్కడా చీకటే కావచ్చు. ఆ రాత్రి ఎవరు ఏది వెతుక్కున్నారో తెల్లారగానే రాసిపెట్టుకోండి, అదే మీ సామాను జాబితా.

తిరిగి వచ్చాక టెంటును ఆ రోజే విప్పి, అంచుల మడతలు కూడా ఆరేదాకా నీడపట్టున వేలాడదీయండి. వదులైన నూలు సంచిలో వేసి, అటక మీద కాకుండా ఇంట్లో చల్లటి పొడి చోట పెట్టండి. స్లీపింగ్ బ్యాగులు నొక్కకుండా వేలాడాలి. టార్చిలైట్ల బ్యాటరీలు తీసేయండి. సంచిలో ఒక చీటీ వేసి తేదీ, ఈసారి కనిపించిన లోపం, దేనితో బాగుచేశారో రాయండి. సీలర్ ఏ రకమో ఆ చీటీలో తప్పకుండా ఉండాలి.