ఫ్రాస్టెడ్ వినైల్ మీద ప్రింట్ వేసి లోపలి అద్దాలకు అంటించడం ఎలా?

ఫ్రాస్టెడ్ వినైల్ అంటే మంచు పట్టినట్టు మసకగా ఉండి, వెలుతురును మెత్తబరిచే అంటుకునే ప్లాస్టిక్ ఫిల్మ్. దాని మీద వేయబోయే బొమ్మ కంప్యూటర్‌లో నిండుగా ఉంటుంది. తీరా అద్దానికి అంటించాక వెలిసిపోయినట్టు కనబడుతుంది. అప్పుడు అందరూ ప్రింటర్‌నే తిట్టుకుంటారు గానీ, అసలు తప్పు తెల్ల ఇంకు ఎక్కడ వేయాలో, ఎక్కడ వేయకూడదో ముందే తేల్చుకోకపోవడం. మిగతా దశలు నేర్చుకోవడం తేలికే కాబట్టి వాటిని క్లుప్తంగా చెప్పి, తెల్ల ఇంకు దగ్గర కాస్త నిలబడదాం.

కావలసినవి

ప్రింటబుల్ అని స్పష్టంగా రాసి ఉన్న ఫ్రాస్టెడ్ వినైల్, 80 మైక్రాన్ల పాలిమెరిక్ రకం. 50 మైక్రాన్ల కాస్ట్ ఫిల్మ్ కూడా దొరుకుతుంది గానీ పెద్ద ముక్కలు చేతిలో మడత పడిపోతాయి, లోపలి అద్దాలకు దాని అవసరం లేదు. వైట్ ఇంకు ఉన్న ఎకో సాల్వెంట్ ప్రింటర్ (సాల్వెంట్, అంటే ద్రావకం కలిసిన ఇంకుతో వేసేది), ఫెల్ట్ అంచున్న స్క్వీజీ (నీళ్లు, గాలి బయటికి నెట్టే పట్టీ), స్ప్రే బాటిల్, బ్లేడ్ స్క్రేపర్, కొత్త కట్టర్ బ్లేడ్లు, 2 మి.మీ. మందమున్న స్కేలు, మాస్కింగ్ టేపు, నూగు రాలని గుడ్డ. అంతే.

యూవీ కాంతితో ఇంకును అప్పటికప్పుడే గట్టిపరిచే యూవీ ప్రింటర్ ఉంటే ఆరబెట్టే పని తప్పుతుందని చాలామంది అటు మొగ్గుతారు. ఈ పనికి అది వద్దు. యూవీ ఇంకు ఫిల్మ్ పైన మందపాటి పొరలా నిలబడుతుంది. ఫ్రాస్ట్ గరుకుదనం దాని కింద మూసుకుపోతుంది, పక్క నుంచి చూస్తే బొమ్మ అంచులు ఉబ్బెత్తుగా తెలుస్తాయి, ఫిల్మ్ వంగినచోట ఇంకు పగులుతుంది. ఎకో సాల్వెంట్ ఇంకు వినైల్‌లోకి కొంత దిగుతుంది కాబట్టి రంగు కింద కూడా ఫ్రాస్ట్ ఫ్రాస్ట్‌లాగే కనబడుతుంది. ఫ్రాస్టెడ్ ఫిల్మ్ ఎంచుకున్నదే ఆ మెత్తని వెలుతురు కోసం అయినప్పుడు దాన్ని ఇంకుతో పూడ్చేయడంలో అర్థం లేదు. ప్రింట్ మీద మెరిసే పారదర్శక పొర (గ్లాసీ లామినేషన్) వేయడం కూడా ఇదే కారణంగా వద్దు.

కొలతలు, డిజైన్

ప్రతి అద్దాన్నీ విడిగా కొలవండి, వెడల్పు మూడు చోట్ల, ఎత్తు మూడు చోట్ల. పెద్ద కొలత తీసుకుని అన్నివైపులా 10 మి.మీ. అదనంగా ప్రింట్ వేయండి. ఫ్రేములు ఎప్పుడూ సరిగ్గా మూలమట్టంగా ఉండవు, అదనం అద్దం మీదే కోసేస్తారు.

ఫొటోలు అసలు సైజులో 150 డీపీఐ (అంగుళానికి 150 చుక్కలు) ఉంటే చాలు. అక్షరాలు, లోగోలు వెక్టర్‌లోనే (ఎంత పెంచినా అంచు చెదరని గీతల రూపంలో) ఉండాలి. కింద నిండుగా మొదలై పైకి పలచబడే గ్రేడియంట్ కావాలంటే చుక్కలతో గీయండి. మామూలు గ్రేడియంట్ ఈ ఫిల్మ్ మీద చారలు చారలుగా తేలుతుంది.

అతుకు లేకుండా చూసుకోండి. రోల్ 1220, 1520 మి.మీ. వెడల్పుల్లో వస్తుంది, అద్దానికి సరిపోయేదే తెచ్చుకోండి. తప్పనిసరిగా రెండు ముక్కలు వేయాల్సి వస్తే ఒకదాని మీద ఒకటి ఎక్కించవద్దు. రెండు పొరలు కలిసినచోట వెలుతురు తగ్గి నిలువునా ముదురు గీత పడుతుంది. అంచుకు అంచు ఆనించి అంటించాలి, రెండూ ఒకే రోల్‌లోంచి, ఒకే దిశలో తీసినవై ఉండాలి.

తెల్ల ఇంకు: ఇక్కడ తొందరపడకండి

రంగు ఇంకులన్నీ పారదర్శకమైనవే. తెల్ల కాగితం మీద ఎరుపు ఎర్రగా కనబడటానికి కారణం వెనక ఉన్న తెలుపు వెలుతురును తిప్పి పంపడం. ఫ్రాస్టెడ్ ఫిల్మ్ వెలుతురులో చాలా భాగాన్ని అవతలికి వదిలేస్తుంది. అవతలి గది వెలుగుగా ఉంటే రంగులు పలచగా మెరుస్తాయి. అవతల చీకటి ఉంటే అవే రంగులు మసిబారినట్టు నల్లబడతాయి. కాబట్టి డిజైన్ తెరవకముందే అద్దానికి రెండువైపులా నిలబడి చూడండి: పగలు వెలుతురు ఎటు నుంచి వస్తోంది, రాత్రి ఏ వైపు దీపాలు వెలుగుతాయి, బొమ్మను ఎవరు ఎటు నుంచి చూస్తారు.

తెలుపు లేకుండా వేస్తే బొమ్మ రెండువైపులా కనబడుతుంది, రంగు గాజులా వెలుతురు దిగుతుంది. ఆకులు, అలలు, జ్యామితి ఆకారాలకు ఇదే అందం. రంగు చాలకపోతే డబుల్ స్ట్రైక్ పెట్టండి, అంటే అదే రంగు రెండుసార్లు పడుతుంది. అక్షరాలకు మాత్రం ఇది పనికిరాదు, అవతలివైపు అద్దంలో చూసినట్టు తిరగబడి కనబడతాయి.

రంగు ఖచ్చితంగా రావాల్సిన లోగో, పేరు, సూచిక వంటి వాటికి తెలుపు తప్పదు. ఇక్కడ వరుసక్రమమే ప్రాణం. ముందు పడిన పొర ఫిల్మ్‌కు ఆనుకుని ఉంటుంది. ప్రింట్ ఉన్న వైపు నుంచే చూస్తారంటే ముందు తెలుపు, దాని మీద రంగు. అద్దం అవతలి నుంచి చూస్తారంటే బొమ్మను మిర్రర్ చేసి ముందు రంగు, దాని మీద తెలుపు. ఈ రెండోది మర్చిపోతే అవతలివారికి తెల్లటి నీడ తప్ప ఏమీ కనబడదు, ఆ ఫిల్మ్ చెత్తబుట్టకే.

రెండువైపులా రంగు కావాలంటే రంగు, తెలుపు, రంగు అని మూడు పొరలు. అయితే ఒక్క తెలుపు పొర వెలుతురును పూర్తిగా ఆపలేదు, వెనక రంగు నీడలా తొంగిచూస్తుంది. రెండువైపులా అక్షరాలు సూటిగా రావాలంటే రంగు, తెలుపు, నలుపు, తెలుపు, రంగు అని ఐదు పొరలు పడాలి. ఇంత ఇంకు పెద్ద ఏరియాలో పోస్తే ఫిల్మ్ ముడుచుకుంటుంది, అక్షరాల వరకే వాడండి.

ఫైల్‌లో తెలుపును స్పాట్ కలర్‌గా (సొంత పేరున్న విడి రంగుగా) పెట్టాలి, పేరు మీ రిప్ సాఫ్ట్‌వేర్ (ఫైల్‌ను ప్రింటర్‌కు అర్థమయ్యేలా మార్చేది) అడిగే పేరే అక్షరం తేడా లేకుండా ఉండాలి. ఆ పొరకు ఓవర్‌ప్రింట్ (ఒక రంగు మీద ఇంకోటి పడనిచ్చే సెట్టింగ్) ఆన్ చేయండి, లేదంటే తెలుపు ఉన్నచోట రంగు ఎగిరిపోతుంది. తెలుపు ఆకారాన్ని రంగు కంటే చుట్టూ 0.3 మి.మీ. లోపలికి లాగండి. పొరలు వెంట్రుకవాసి జరిగినా అక్షరం చుట్టూ తెల్ల అంచు తేలకుండా ఇదే కాపాడుతుంది.

తెలుపు ఎంత శాతం ఉండాలన్నది ఊహించి పెట్టేది కాదు. బొమ్మలోని ముఖ్యమైన రంగులతో చిన్న పట్టీ గీసి, కింద 0, 30, 60, 100 శాతం తెలుపుతో ప్రింట్ వేయండి. ఆ పట్టీని అసలు అద్దానికే, అసలు ఎత్తులోనే టేపుతో అంటించి పగలొకసారి, రాత్రి దీపాలు వేశాక ఒకసారి రెండువైపుల నుంచీ చూడండి. చేత్తో కిటికీకి ఎదురుగా పట్టుకుని చూస్తే లెక్క తప్పుతుంది, అవతలి గది వెలుతురే కదా ఫలితాన్ని తేల్చేది. పెద్ద బొమ్మలకు 30, 60 మధ్య ఎక్కడో కుదురుతుంది. అక్షరాలకు 100 పెట్టండి.

తెల్ల ఇంకులోని పిగ్మెంట్ బరువైనది, అడుగుకు చేరుతుంది. ప్రింట్‌కు ముందు కార్ట్రిడ్జ్ నెమ్మదిగా కదిపి, నోజిల్ చెక్ (ఇంకు రంధ్రాలన్నీ పనిచేస్తున్నాయో చూపే పరీక్ష ప్రింట్) తీయండి. తెల్ల గీతలు ముదురు కాగితం మీదో, పారదర్శక ఫిల్మ్ మీదో అయితేనే కనబడతాయి.

ప్రింట్, ఆరబెట్టడం

పలచని ఫిల్మ్‌కు వేడి ఎక్కువైతే అలలు లేచి ఇంకు చిమ్మే ప్రింట్ హెడ్‌కు తగులుతుంది. ప్రింట్ హీటర్ 40 డిగ్రీల దగ్గర మొదలుపెట్టి, ఇంకు పారితేనే కొద్దికొద్దిగా పెంచండి. అంచు వరకు ముదురు రంగు పోయవద్దు, అంచులు వంకర్లు తిరుగుతాయి.

తర్వాత 48 గంటలు ఆరాలి. రోల్‌ను వదులుగా చుట్టి నిలబెట్టండి, బిగుతుగా చుడితే మధ్యలో గాలి ఆడదు. ముట్టుకుంటే ఆరినట్టున్నా లోపల మిగిలిన సాల్వెంట్ జిగురును మెత్తబరుస్తుంది, అంటించిన కొన్నాళ్లకు అంచులు లేస్తాయి. ముక్కు దగ్గర పెట్టుకుంటే వాసన వస్తోందా, ఇంకో రోజు ఆగండి.

అంటించడం

అద్దం నునుపుగా ఉన్న వైపే అంటించాలి. అద్దం తడిపి స్క్రేపర్‌తో గీకండి, మూలలు, బీడింగ్ (అద్దాన్ని ఫ్రేములో పట్టి ఉంచే పట్టీ) పక్కన మరీ ముఖ్యంగా. చిన్న ఇసుక రేణువు కూడా ఈ ఫిల్మ్ కింద గుండ్రని తెల్ల మచ్చలా తేలుతుంది. తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. ఫ్యాన్లు, ఏసీ ఆపేయండి.

లీటరు నీళ్లలో బేబీ షాంపూ ఐదారు చుక్కలు, అంతకు మించితే జిగురు పట్టదు. అద్దాన్ని ధారాళంగా తడపండి. ఒకరు ఫిల్మ్ పట్టుకుంటే ఇంకొకరు లైనర్ (వెనకనున్న కాగితం) ఒలుస్తూ జిగురు వైపూ తడపాలి. ఫిల్మ్ పై అంచు ఆనించి, జరిపి సరిచేసుకుని, పైభాగాన్ని కూడా తడిపి స్క్వీజీ మధ్య నుంచి పక్కలకు, పై నుంచి కిందికి లాగండి. ప్రతి లాగుడూ ముందటిదాని మీద సగం ఎక్కాలి. పొడి ప్రింట్ మీద స్క్వీజీ ఆడిస్తే ఇంకు గీతలు పడుతుంది.

స్కేలును నిలబెట్టి బీడింగ్‌కు ఆనించి, కొత్త బ్లేడుతో తేలిగ్గా ఒకే గీతలో కోయండి. ఆ స్కేలు మందమే అంచున 2 మి.మీ. ఖాళీ వదులుతుంది. ఫిల్మ్ సిలికాన్‌కు తగిలితే అక్కడి నుంచే లేస్తుంది. కోశాక అంచుల నీళ్లు మరోసారి స్క్వీజీతో బయటికి లాగి గుడ్డతో అద్దండి.

మర్నాడు పాలలాంటి మబ్బులు కనబడితే కంగారుపడి సూది పెట్టకండి. అది మిగిలిన తేమ, కొన్ని రోజుల్లో ఆరిపోతుంది. గుండ్రంగా, గట్టిగా తగిలేవి మాత్రం దుమ్ము, అవి పోవు. నెల రోజుల దాకా తుడవకుండా ఉంచి, తర్వాత తడి మెత్తని గుడ్డ వాడండి. ఆల్కహాల్, గ్లాస్ క్లీనర్లు లామినేషన్ లేని ఈ ప్రింట్ మీద ఎప్పుడూ వాడకూడదు, రంగు గుడ్డకు అంటుకొస్తుంది.