కొత్త మేత్రాణుల అభిషేకంలో ఎలా పాల్గొనాలి?

శ్రీకాకుళం మేత్రాసనం, అంటే ఒక కతోలిక బిషప్‌గారి పాలనలో ఉండే ప్రాంతం, ఏర్పడింది 1993లో. కొత్త మేత్రాణుల (బిషప్‌గారి) అభిషేకం ఇక్కడ ఎన్నో ఏళ్లకు ఒకసారి జరుగుతుంది. అందుకే విచారణలకు విచారణలే, అంటే ఊరూరి చర్చి సంఘాలే, కదిలివస్తాయి. అంత దూరం వచ్చి, అసలు ఘట్టం జరుగుతున్నప్పుడు ఫోన్ చూసుకుంటూ కూర్చునేవాళ్లను చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

టిఫిన్ తినే బయల్దేరండి. దివ్యసత్ప్రసాదానికి (పూజలో పంచే పవిత్ర అప్పానికి) గంట ముందు నుంచి ఉపవాసం ఉంటే చాలు, పూజ అంతకంటే చాలాసేపు ఉంటుంది. నూలు బట్టలు, నీళ్ల సీసా, చేతిరుమాలు. రైల్లో వచ్చేవాళ్లు ఆమదాలవలసలో దిగాలి, శ్రీకాకుళం రోడ్ స్టేషన్ అక్కడే. టౌన్‌కి ఆటో గానీ బస్సు గానీ పట్టుకోవాలి. పూజకు రెండు గంటల ముందే చేరాలి.

ముందు వరసల కోసం తోసుకోకండి. ఎంత వెనకైనా సరే, నడిచే దారి పక్క కుర్చీయే పట్టుకోవాలి. ఎందుకో చివర్లో తెలుస్తుంది.

సువార్త పఠనం అయ్యాక అభిషేక విధి మొదలవుతుంది. పోపుగారి నియామక పత్రం చదువుతారు. అది లేకుండా ఎవరినీ మేత్రాణులుగా అభిషేకించకూడదు. చదవడం పూర్తికాగానే "దేవునికి వందనములు" అని గట్టిగా పలకండి. చప్పట్లు కొట్టాలనుంటే ఇక్కడే కొట్టండి, చేతులు నొప్పెట్టేదాకా.

తర్వాత ప్రసంగం, ప్రమాణాలు, పునీతులను పేరుపేరునా వేడుకునే ప్రార్థన మాల. కాబోయే మేత్రాణులు నేలమీద బోర్లా పడుకుంటారు. మనం మామూలు రోజుల్లో మోకరించాలి, ఆదివారాల్లోనూ పాస్కా (ఈస్టర్) కాలంలోనూ నిలబడాలి. పక్కవాళ్లను చూసి లేవడం, కూర్చోవడం వద్దు. మైకులో చెప్పింది వినండి.

ఇప్పుడు అసలు సంగతి. ప్రార్థన మాల అయ్యాక అభిషేకం జరిపించే ప్రధాన మేత్రాణులు ఒక్క మాట కూడా మాట్లాడకుండా కొత్త మేత్రాణుల తలమీద రెండు చేతులూ ఉంచుతారు. ఆ తర్వాత, అభిషేకానికి హాజరైన మిగతా మేత్రాణులందరూ ఒక్కొక్కరే అలాగే చేస్తారు. కనీసం ముగ్గురు ఉండాలన్నది 325లో జరిగిన మేత్రాణుల నైసీయా మహాసభ నాటి నియమం. పాట ఉండదు, మాట ఉండదు. "ఏదో ఆగిపోయినట్టుంది" అనిపిస్తుంది. ఏమీ ఆగిపోలేదు. యేసు శిష్యులైన అపొస్తలుల నుంచి వస్తున్న అధికారం ఆ చేతుల్లోంచే అందుతుంది.

ఒకసారి నేను చూస్తుండగా, బాగా పెద్దవయసు మేత్రాణులొకరు వచ్చారు. చేతులు వణుకుతున్నాయి. తలమీద ఆనించగానే ఆ వణుకు ఆగింది. ఆయన కళ్లు మూసుకున్నారు. సరిగ్గా అప్పుడే, ఊరికే ఖాళీగా ఉందనుకుని గాయక బృందం కీబోర్డు మోగించి పాట ఎత్తుకుంది. ఆ బాధ నాకు ఇప్పటికీ పోలేదు.

కాబట్టి ప్రార్థన మాల మొదలవగానే ఫోన్ ఆఫ్ చేయండి, సైలెంట్‌లో పెట్టడం చాలదు. కుర్చీలెక్కకండి. పిల్లలకు ముందే చెప్పి ఉంచండి: "ఇప్పుడు అందరూ లోపల్లోపల ప్రార్థించాలమ్మా" అని. ఫోటోలు తీసేవాళ్లు తీస్తారు, వీడియో రేపు యూట్యూబ్‌లో దొరుకుతుంది. ఆ నిశ్శబ్దం మాత్రం అందులో దొరకదు. వేలమంది మధ్య కూర్చుంటేనే అది తెలుస్తుంది.

చేతులుంచడం అయిన వెంటనే సువార్త గ్రంథం తెరిచి, ఇద్దరు డీకన్లు (గురువుల కింది స్థాయి సేవకులు) కొత్త మేత్రాణుల తలపైన పట్టుకుంటారు. అభిషేక ప్రార్థన పూర్తయ్యేదాకా గ్రంథం అక్కడే ఉంటుంది, మన నిశ్శబ్దమూ అలాగే ఉండాలి. ఆ తర్వాత తలపై తైలం, చేతికి సువార్త గ్రంథం, ఉంగరం, తలకు మైటర్ అనే ఎత్తైన టోపీ, చేతికి కాపరి దండం. ఇవన్నీ సులువుగానే అర్థమవుతాయి.

దివ్యసత్ప్రసాదం అయ్యాక కొత్త మేత్రాణులు జనం మధ్య నడుస్తూ దీవిస్తారు. దారి పక్క కుర్చీ అందుకే. చేయి పట్టి లాగకండి, తల వంచండి చాలు.

భోజనాల దగ్గర ముందు ముసలివాళ్లను, సీతంపేట కొండల నుంచి వచ్చినవాళ్లను కూర్చోబెట్టండి. చీకటి పడేలోపు వాళ్లు ఇల్లు చేరాలి.