డిమెన్షియా ఉన్న అమ్మానాన్నలను చూసుకోవడానికి నమ్మదగిన హోమ్‌కేర్ ఏజెన్సీని ఎంచుకోవడం

మా అమ్మకు డిమెన్షియా అని డాక్టరుగారు తేల్చి చెప్పిన మరుసటి సంవత్సరం, ఆమెను చూసుకోవడానికి మేము మాట్లాడుకున్న ఏజెన్సీ మూడు నెలల్లో ఐదుగురిని మార్చింది. మనిషి మారినప్పుడల్లా అమ్మ స్నానానికి ఒప్పుకునేది కాదు, రాత్రిళ్ళు నిద్రపోయేది కాదు, కొత్తగా వచ్చినామె తన గాజులు తీసిందని ఏడ్చేది. ఆ ఐదుగురిలో ఒక్కరూ చెడ్డవారు కారు. జీతం ఎంతో, ఎప్పటి నుంచి పంపుతారో అడిగిన మేము, పంపిన మనిషి ఎన్నాళ్ళు ఉంటుందో మాత్రం అడగలేదు. నిన్నటి సంగతి గుర్తుండని మనిషికి ప్రతి కొత్త ముఖమూ ఇంట్లోకి చొరబడిన పరాయి మనిషిదే అవుతుంది కాబట్టి, ఒకే మనిషిని నెలల తరబడి నిలపగలదా అన్నదే ఏజెన్సీ విషయంలో మొట్టమొదట చూడవలసిందని నేను నమ్ముతున్నాను.

ఎవరికైనా ఫోన్ చేసే ముందు ఒక కాగితం మీద మీ అమ్మగారి లేదా నాన్నగారి రోజును ఉదయం నుంచి రాత్రి వరకు రాయండి. తనంతట తాను తినగలరా, మింగేటప్పుడు పొలమారుతోందా, బాత్‌రూమ్‌కు వెళ్ళాలని చెప్పగలరా, తలుపు తీసి ఉంటే బయటికి వెళ్ళిపోతారా, రాత్రి ఎన్నిసార్లు లేస్తారు, ఏ మాటకు కోపం వస్తుంది, ఏ పాటకు శాంతిస్తారు అన్నవన్నీ అందులో ఉండాలి. ఏ భాషలో మాట్లాడితే అర్థమవుతుందో తప్పక రాయండి. మా అమ్మకు హిందీ బాగా వచ్చేది గాని జబ్బు ముదిరిన కొద్దీ తెలుగు తప్ప మరొకటి చెవికెక్కలేదు. హైదరాబాదులో ఏజెన్సీలు పంపేవారిలో ఇతర రాష్ట్రాల వారు చాలామంది ఉంటారు కనుక ఈ మాట ముందే చెప్పకపోతే ఇబ్బంది పడతారు.

ఆ కాగితం చూసుకుంటే మీకు కావలసింది నర్సా, అటెండెంటా అన్నది తేలుతుంది. ముక్కులోంచి ఆహారపు గొట్టం, మూత్రపు గొట్టం, ఇన్సులిన్ ఇంజెక్షన్లు వంటివి ఉంటే నర్సు అవసరం. నర్సు చదువుల్లో ఏఎన్ఎం రెండేళ్ళు, జీఎన్ఎం మూడేళ్ళు, బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్ళు. ఏది చదివినా రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో నమోదై ఉండాలి కాబట్టి ఆ నమోదు పత్రం చూపించమని అడగండి. తినిపించడం, స్నానం, బట్టలు మార్చడం, తోడుగా నడవడం మాత్రమే అయితే మంచి అటెండెంటు చాలు. తెల్లకోటు తొడిగి అటెండెంటునే నర్సు అని పరిచయం చేసి, ఆ మేరకు డబ్బు తీసుకునే అలవాటు కొన్నిచోట్ల ఉంది.

ఇంటర్నెట్‌లో వెతికితే ముందు కనిపించేవి చాలావరకు ప్రకటనలే. అంతకంటే మీ న్యూరాలజిస్టు దగ్గర వేచి ఉండే హాలులో, అదే జబ్బున్న తండ్రిని వెంటబెట్టుకుని వచ్చిన మరొకరిని అడగడం మేలు. 1992లో ఏర్పడిన అల్జీమర్స్ అండ్ రిలేటెడ్ డిజార్డర్స్ సొసైటీ ఆఫ్ ఇండియాకు హైదరాబాదులో శాఖ ఉంది. ఇలాంటి కుటుంబాలను కలుసుకోవడానికి అది మంచి దారి. వృద్ధుల కోసం కేంద్ర ప్రభుత్వం ఏర్పాటు చేసిన ఎల్డర్‌లైన్ 14567కు ఉదయం 8 నుంచి రాత్రి 8 లోపు ఉచితంగా ఫోన్ చేసి సలహా అడగవచ్చు. ఇలా రెండు మూడు పేర్లు దొరికాక వాళ్ళ ఆఫీసుకు స్వయంగా వెళ్ళండి. ఆఫీసు చిరునామా చెప్పడానికి తటపటాయించే ఏజెన్సీని అక్కడితో వదిలేయండి.

అక్కడ "మీ వాళ్ళకు డిమెన్షియా గురించి శిక్షణ ఇచ్చారా" అని అడిగితే అందరూ ఇచ్చామనే అంటారు. అందుకు బదులు జరిగే సంగతి ఒకటి చెప్పి, ఏం చేస్తారో అడగాలి. మా అమ్మ మల్కాజిగిరిలో సొంత ఇంట్లో కూర్చుని, పొద్దు వాలేసరికి "ఇంటికి పోదాం, మా అమ్మ ఎదురుచూస్తుంది" అనేది. ఇలా అంటే మీ మనిషి ఏం చేస్తుందని నేను ముగ్గురిని అడిగాను. ఒకరు "ఇదే మీ ఇల్లని చెప్పి కూర్చోబెడుతుంది" అన్నారు. రెండో ఆయన "డాక్టరుతో మాత్ర రాయించండి, పడుకుంటారు" అన్నారు. మూడో చోట ఉన్న పెద్దావిడ "ఆ ఇల్లు ఎట్లా ఉండేదమ్మా అని అడుగుతూ వరండాలో నాలుగు అడుగులు నడిపిస్తాం, కాసేపటికి కాఫీ ఇస్తాం, మరిచిపోతారు" అని చెప్పింది. ఆమె దగ్గరే కుదుర్చుకున్నాము. మాత్రల మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి: ఆందోళన తగ్గించడానికి వాడే కొన్ని మానసిక వ్యాధుల మందులు డిమెన్షియా ఉన్న వృద్ధులలో మరణాల ముప్పును పెంచుతున్నాయని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2005లోనే హెచ్చరించింది. డాక్టరు ఆలోచించి రాస్తే వేరు గాని, రాత్రి నిద్ర కోసం అటెండెంటు తనంతట తాను ఏ మాత్రా వేయకూడదు. మందుల పెట్టె ఇంటివారి చేతిలోనే ఉండాలి.

తరువాత అడగవలసింది పంపే మనిషి గురించి. ఆమె ఏజెన్సీలో నెలజీతం తీసుకునే మనిషా, లేక కమీషన్ మీద వచ్చిపోయే మనిషా? మీరిచ్చే దానిలో ఆమె చేతికి ఎంత అందుతుంది? ఈ ప్రశ్నకు కొందరు చిరాకు పడతారు, అయినా అడగండి. సగం కూడా చేతికి అందని మనిషి ఇంకెక్కడైనా నాలుగు రాళ్ళు ఎక్కువ దొరికిన రోజున వెళ్ళిపోతే ఆమెను తప్పుపట్టలేము. ఆధార్ నకలు తీసుకుని, పోలీసు వెరిఫికేషన్ జరిగిందన్న మాట మాత్రమే వినక కాగితం చూడండి. లేకపోతే మీ పరిధిలోని స్టేషన్‌లో మీరే అడగండి.

ఒప్పందం రాతలో ఉండాలి. అడ్వాన్సు ఎంత, నచ్చకపోతే ఎంత తిరిగి ఇస్తారు, మనిషి రాని రోజున ఎన్ని గంటల్లో మరొకరిని పంపుతారు, వారానికో నెలకో సెలవులెన్ని, ఏ పనులు ఆమెవి కావు అన్నవి స్పష్టంగా రాయించి, డబ్బు ఏజెన్సీ బ్యాంకు ఖాతాకే పంపండి. ఇరవై నాలుగు గంటల మనిషి అంటే ఇరవై నాలుగు గంటలూ మెలకువగా ఉండే మనిషి అని చాలామంది అనుకుంటారు. అది అన్యాయం, ప్రమాదం కూడా. మీ నాన్నగారు రాత్రంతా తిరిగే దశలో ఉంటే పగటికి ఒకరు, రాత్రికి ఒకరు కావాలి. స్తోమత లేకపోతే రాత్రి పూట ఇంటివారే వంతులు వేసుకోవాలి.

మొదటి వారం ఇంట్లో ఒకరు సెలవు పెట్టి అయినా పక్కనే ఉండండి. వచ్చిన మనిషి మీ అమ్మగారి ముఖం చూసి మాట్లాడుతోందా, చెప్పకుండా వెనుక నుంచి చేయి పట్టుకుంటోందా, నిటారుగా కూర్చోబెట్టి తినిపిస్తోందా అన్నవి గమనించండి. నగలు, నగదు ముందే తీసి బ్యాంకులో పెట్టండి. వస్తువు కనపడకపోతే దొంగతనం అనుకోవడం ఈ జబ్బు లక్షణాల్లో ఒకటి, అందువల్ల ఈ జాగ్రత్త చూసుకునే మనిషికీ రక్షణే. తిండి, మూత్రం, విరేచనం, నిద్ర రోజూ ఒక నోట్‌బుక్‌లో రాయమనండి. ఉన్నట్టుండి అయోమయం ఎక్కువైతే మనిషిని అనుమానించే ముందు మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉందేమో పరీక్ష చేయించండి. కమిలిన మచ్చలు, ఆ మనిషి దగ్గరికి రాగానే ముడుచుకుపోవడం, పగలంతా మత్తు, మంచానికి కట్టిన ఆనవాళ్ళు కనబడితే మాత్రం ఆ రోజే పంపించివేసి ఏజెన్సీకి రాతపూర్వకంగా తెలియజేయండి. హింస జరిగిందనిపిస్తే 112కు ఫోన్ చేయండి.

అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉండి ఈ ఏర్పాటు చేస్తున్నవారు ఊళ్ళో నిర్ణయం తీసుకోగలిగిన బంధువును ఒక్కరినే నియమించుకోవాలి. ముగ్గురు పిల్లలు మూడు దేశాల నుంచి మూడు రకాలుగా చెబితే ఏ అటెండెంటూ నిలవదు. కెమెరా పెడితే ఆమెకు చెప్పే పెట్టండి, స్నానాల గదిలో పెట్టవద్దు.

మూడో చోట నుంచి వచ్చిన ఆమె మా ఇంట్లో రెండేళ్ళు ఉంది. ఆమె సంక్రాంతికి ఊరికి వెళ్ళవలసి వచ్చినప్పుడు, బదులు వచ్చే మనిషిని ఒక రోజు ముందే పంపమని అడిగి, ఆ రోజు జీతం మేమే అదనంగా ఇచ్చాము. ఇద్దరూ కలిసి అమ్మకు తల దువ్వారు, అన్నం పెట్టారు, మొదట్లో నేను రాసిన కాగితాన్ని పాత ఆమె కొత్త ఆమెకు చదివి వినిపించింది. మర్నాడు ఉదయం అమ్మ కొత్త ఆమె చేతి స్నానానికి కాదనలేదు.